లక్ష్మణరావు గారి తప్పుల చరిత్ర

సముద్రాల అవతల ఉన్న రిక్కార్టన్‌లో లక్ష్మణరావు గారికి ఉన్నదొకటే జబ్బు: పైదేశాలకు చదువుకి వెళ్లిన వాళ్ల చరిత్ర చెప్పడం, అదీ తప్పుగా చెప్పడం. స్టూడెంటు కనబడితే చాలు, అమెరికా యూనివర్సిటీలనూ శతాబ్దాలనూ కలిపి కలగూరగంప చేసేస్తారు. నాలుగు దేశాలు తిరిగిన వాళ్లకి వాగుడుకాయలు కొత్త కాదు గానీ, ఇంత ధీమాగా తప్పులు చెప్పేవారు ఏ రేవులోనూ తగలరు.

నిరుపమ కాకినాడ నుంచి మాస్టర్స్‌కి వచ్చి రెండు నెలలైంది. ఫ్లాట్‌లో నలుగురు, ఎవరి తలుపు వారిది, ఫ్రిజ్‌లో ఎవరి అర వారిది. వాడని గొంతు తుప్పుపట్టిన గడియలా బిగుసుకుపోతుంది. ఆమెదీ అలాగే అయింది, "హాయ్"కీ "సారీ"కీ మధ్య. ఫోన్ చేస్తే అమ్మ పట్టేస్తుందని "బావున్నా" అని మెసేజ్ పెట్టేది. చదువు మానేస్తున్నానని శుక్రవారం యూనివర్సిటీలో చెప్పేసి కాకినాడ వెళ్లిపోవాలని నిశ్చయించుకుంది.

ఆ వారమే ఇండియన్ షాపులో, కరివేపాకు ఉండే ఫ్రిజ్ దగ్గర లక్ష్మణరావు గారి చేతికి చిక్కింది. కౌంటర్లో ఉన్న బంటి జాలిగా చూశాడు.

"స్టూడెంటువా అమ్మా? మన ఆనందీబాయి జోషి షికాగోలో లా చదివింది కదా..."

నిరుపమ తలొంచుకుని కరివేపాకు ఏరుకుంది.

"...అక్కడే హైకోర్టు జడ్జీ కూడా అయింది."

"కాదండీ!" షాపంతా తిరిగి చూసింది. తన గొంతుకి తనే ఉలిక్కిపడింది నిరుపమ. "ఆవిడ డాక్టరండీ! ఫిలడెల్ఫియాలో! మా స్కూల్లో పాఠం ఉంది!"

"మీ స్కూలు తప్పు. యేల్‌లో పట్టా తీసుకున్న మొదటి చైనావాడు యుంగ్ వింగ్ కూడా అసలు జపాను వాడే."

"చైనావాడు జపాను వాడెలా అవుతాడు అంకుల్?"

"అది ఆదివారం మా ఇంట్లో తేల్చుకుందాం. పెసరట్లు వేస్తాను."

శుక్రవారం వచ్చింది. ఈయన్ని ఓడించకుండా దేశం వదలడం నిరుపమకి అవమానంగా తోచింది. సోమవారం చెబుదాంలే అనుకుంది.

ఆదివారం ఆ హాల్లో అప్పటికే అయిదారుగురు స్టూడెంట్లు అరుస్తున్నారు. "అంకుల్, అది రెండో ప్రపంచయుద్ధం తర్వాత!" అని బంటి అట్లకాడ ఊపుతున్నాడు. పెసరట్లు మాడుతున్నాయి. నిరుపమ ఆ గోలలో దూరిపోయింది. ఆదివారాలు గడిచాయి. ఆ సోమవారం మాత్రం రాలేదు.

ఒక సాయంత్రం అందరూ వెళ్లాక నిరుపమ ప్లేట్లు కడుగుతోంది. వెల్లింగ్టన్ నుంచి రాఘవ్ అనే పాత శిష్యుడి ఫోను, థీసిస్ రాస్తున్నాడట.

"యుంగ్ వింగ్, చైనా. యేల్ పట్టా పద్దెనిమిది వందల యాభై నాలుగు," లక్ష్మణరావు గారు కళ్లు మూసుకుని అప్పజెబుతున్నారు. "ఆనందీబాయి, మెడిసిన్, ఎనభై ఆరు."

నిరుపమ సబ్బు చేతులతోనే హాల్లోకొచ్చింది. "అంకుల్! మీకన్నీ తెలుసు!"

ఆయన ఫోన్ పెట్టేసి, చాటుగా బెల్లం తింటూ దొరికిపోయినట్టు నవ్వారు. "అమెరికాలో, ఒహాయో కాలేజీలో ఇదే పాఠం చెప్పి రిటైరయ్యానమ్మా."

"మరి మాకీ తప్పులేంటి?"

"మూగబోయిన పిల్లల్ని ఎలా ఉన్నావని అడిగితే బావున్నానంటారు. తప్పు చెబితే మాత్రం ఊరుకోరు."

"ఇప్పుడు వాగుతున్నాంగా. ఇంక నిజం చెప్పొచ్చుగా?"

ఆయన ఖాళీ కుర్చీల వైపు చూశారు. "నిజం చెబితే 'థాంక్యూ అంకుల్' అని లేచి వెళ్లిపోతారే! నాతో ఎవరు దెబ్బలాడతారు?"

నిరుపమ చేతులు తుడుచుకుని, అచ్చం ఆయనలాగే ధీమాగా ఒక కుర్చీలో కూర్చుంది.

"అయినా ఆనందీబాయిది ఎనభై ఆరు కాదండీ. తొంభై ఆరు."

లక్ష్మణరావు గారి మొహం వెలిగిపోయింది.

"ఎవడు చెప్పాడు నీకు?" అంటూ ఎదురుగా కుర్చీ లాక్కున్నారు.