నగ్మా పట్టు

గుంటూరు శివార్లలో కోల్డ్ స్టోరేజీల వెనుక రేకుల షెడ్లలో ఆడవాళ్లు మిరపకాయల తొడిమెలు తీస్తుంటారు. వాళ్లలో ముక్కుకు చున్నీ చుట్టుకుని మూలగా కూర్చునే మనిషి నగ్మా. సాయంత్రం అయితే ప్రేమదాసు మాస్టారి దగ్గర జూడో నేర్చుకుంటుంది. బరువు నలభై ఎనిమిది కేజీలు. జిల్లా పోటీల్లో ఆ తూకంలో ఆమెను పడేసినవాళ్లు లేరు.

తమ్ముడు షానవాజ్ మహా వాగుడుకాయ. తన ఆటో ఎక్కినవాళ్లను దిగేదాకా నవ్వించేవాడు. నిరుడు వేసవిలో వాడరేవు దగ్గర బండి అడ్డం పెట్టిన చైతన్యకృష్ణతో, "బాబాయ్, కొంచెం జరుగుతావా, సముద్రం కనపట్టంలేదు" అన్నాడు. చైతన్యకృష్ణ చీరాలలో జిమ్ నడుపుతాడు. మనిషి తొంభై కేజీలు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేసరికి ఒక్కటి కొట్టాడు. దెబ్బ తగిలింది దవడకే. తలను పగలగొట్టింది వెనకున్న సిమెంటు గట్టు. పడ్డవాణ్ణి లేపకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

షానవాజ్ బతికాడు. కానీ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఇప్పుడు షెడ్డులో అందరికీ మంచినీళ్లు అందిస్తుంటాడు.

తమ్ముణ్ణి ఆసుపత్రి నుంచి తెచ్చిన వారమే నగ్మా చీరాల వెళ్లి, జిమ్ ముందు నడిరోడ్డు మీద చైతన్యకృష్ణ కాలర్ పట్టుకుంది. అతను కదల్లేదు. పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి పక్కన పడేశాడు. "పోయి వంట నేర్చుకో పాపా" అన్నాడు.

మోచేతికి కట్టుతో వచ్చిన ఆమెను చూసి ప్రేమదాసు మాస్టారు మండిపడ్డారు.

"పోటీకి ముందు తూకం ఎందుకు చూస్తామనుకున్నావ్, సరదాకా? రోడ్డు మీద తూకం చూసేవాడుండడు, ఆపేవాడుండడు, కింద మ్యాట్ ఉండదు. నీ తమ్ముణ్ణి చూసైనా తెలియలేదా అమ్మాయ్?"

"తెలిసింది సార్."

తెలియడం వేరు, మానుకోవడం వేరు. ఆ రోజు నుంచి తన తూకం వాళ్లను వదిలేసి, అందరికంటే లావుగా ఉన్న కుర్రాళ్లనే ప్రాక్టీసుకు పిలిచింది. వాళ్ల చేతుల్లో పడీ పడీ ఒక్క సంగతి పట్టుకుంది: నిలబడ్డ బరువును తను కదపలేదు, మీదికొచ్చే బరువుకు దారి ఇవ్వగలదు.

ఈ ఏప్రిల్‌లో, షానవాజ్‌ను కొట్టినందుకు పెట్టిన కేసు వాయిదా దగ్గరపడుతుండగా, చైతన్యకృష్ణే రాజీ మాట్లాడదామని షెడ్డుకు వచ్చాడు. మిరపకాయల రాశి పక్కన నిలబడి, చేతులు ఊరుకోక, మాటల మధ్యలో కాయల్ని తీసి వేళ్లతో నలపసాగాడు. పని తెలిసిన ఆడవాళ్లు చేతులకు కొబ్బరినూనె రాసుకోందే కాయ ముట్టరు, చెయ్యి కళ్ల జోలికి పోనివ్వరు. అతను నలుపుతున్నది అందరూ చూశారు. వాళ్లలో వెంకాయమ్మ చెప్పబోతే నగ్మా కళ్లతోనే ఆపింది.

రేకుల కింద ఉడుకు. అతని నుదురంతా చెమట.

"చిన్న గొడవని ఇంత లాగుతారేంటి? మీవాడు బాగానే తిరుగుతున్నాడుగా!"

"వాడి పేరు వాణ్ణి చెప్పమను" అంది నగ్మా.

షానవాజ్ పెదాలు కదిలాయి. "షా... షా..."

చైతన్యకృష్ణ చూపు తప్పించి ముఖం తుడుచుకున్నాడు. రెండు చేతులతో, కళ్లతో సహా.

"ఏం చల్లావే!" అని అరుస్తూ ఆమె గొంతు వినిపించిన వైపు దూసుకొచ్చాడు. నగ్మా పక్కకు ఒరిగి, అతని చొక్కా చెయ్యి పట్టుకుని కాలు అడ్డం పెట్టింది. తొంభై కేజీలు గాల్లోకి లేచాయి. కింద గచ్చు.

జూడోలో పడేసేవాళ్లు పడేవాడి చెయ్యి పైకి లాగి పట్టుకుంటారు, తల నేలకు తగలకుండా. వదిలేస్తే చాలు, అతని తలా పగిలేది. నగ్మా వదల్లేదు. తన భుజంలో ఏదో పుటుక్కుమన్నా వదల్లేదు.

"తల తగిలిందా?" అంది వంగి.

"నీళ్లు... నీళ్లివ్వండి, కళ్లు పోతున్నాయ్!"

"తగల్లేదు. నేను పట్టుకున్నాను కాబట్టి. కోర్టులో నీకు మాటలు రావాలి. ఏం చేశావో నీ నోటితోనే చెప్పాలి."

షానవాజ్ చెంబుతో లేచాడు. నగ్మా రెండో చేత్తో ఆ చెంబు లాక్కుని కుండ మీద బోర్లించింది.

"కూర్చోరా. జిమ్ మనిషి, కుళాయి దాకా నడవగలడు."

"కుళాయి ఎటు?" అన్నాడు చైతన్యకృష్ణ గచ్చు తడుముకుంటూ.

తొడిమెలు తుంచే చప్పుడు మళ్లీ మొదలైంది. చెప్పాలని చూసింది షానవాజ్ ఒక్కడే.

"ఎ... ఎ..." అంటున్నాడు. మాట రావడం లేదు.