ఇనుప పంది చోటు

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగగానే, మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబం సౌదీకి వెళ్లిపోయింది. జహ్రాలోని ఈ ఇంట్లో డ్రైవర్‌ని నేనూ, వంట చేసే సుబ్బమ్మా మిగిలాం. కఫీల్ తన చిన్న రైఫిల్‌ని ఎక్కడో పాతిపెట్టి వెళ్లాడు. పోటీల సాధన కోసం శుక్రవారాల్లో గురిచూసి పడగొట్టే ఇనుప జంతువుల్ని మాత్రం దాచడం మరిచిపోయాడు. పడ్డవాటిని లేపి నిలబెట్టే పని నాదే. నాకైనా గుర్తుండాల్సింది.

ఈ రోజు మధ్యాహ్నం ఆయుధాలు వెతుకుతూ ఇరాకీ సైనికుడొకడు వచ్చాడు. నడివయసు మనిషి. సామాన్ల గదిలో కోడి, టర్కీ కోడి, పొట్టేలు దొరికాయి.

"ఏమిటివి?" అన్నాడు అరబ్బీలో.

"పిల్లల బొమ్మలు," అన్నాను.

అతను వాటిని పిట్టగోడ మీద వరుసగా పెట్టాడు. ఇంటి యజమానురాలు మామా లోపలికి రానివ్వదని పెరట్లో గోనెసంచిలో చుట్టి పడేసిన పందిని కూడా వెతికి తెచ్చి, సరిగ్గా కోడికీ టర్కీ కోడికీ మధ్య నిలబెట్టాడు. పోటీలో దాని చోటు అదే. ఆ ఆట ఆడినవాడికి తప్ప తెలియదు. నా పని అయిపోయిందనుకున్నాను.

తూటాలు తగిలిన సీసం మరకల మీద వేలితో రాసి చూసి, "రంగు వెయ్యి. రేపు వచ్చేవాడికీ ఈ ఆట తెలిసి ఉండొచ్చు," అని వెళ్లిపోయాడు.

"అన్నా, ఊరకనే పోయినాడేంది?" అంది సుబ్బమ్మ.

"రంగు డబ్బా యాడుందో చూడు సుబ్బమ్మా, తొందరగా!"

ఆ సైన్యం మీద నా కోపం అలాగే ఉంది. ఆ ఒక్కడు మాత్రం క్షేమంగా ఇల్లు చేరాలని ఉంది. రెండూ ఒకే కడుపులో ఎలా ఇముడుతున్నాయో మీరైనా చెప్పండి.