కానుగల నీడలో అక్క నడక

ప్రభువు సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం.

మా అక్కకు షుగరు. రోజూ నడవమన్నాడు డాక్టరు. కృష్ణపట్నం రోడ్డు పక్కన కానుగ చెట్ల కింద, మధ్యాహ్నం చర్చిలో జరిగే స్త్రీల కూడికకు ఆడవాళ్ళంతా కబుర్లు చెప్పుకుంటూ నడిచి వెళ్ళేవారు. అక్కకు అదే వ్యాయామం. ఊరి ఆరోగ్యం కోసం వాకింగ్ ట్రాక్ కావాలని మేమంతా పట్టుబట్టి వేయించుకున్నాం. దానికి అడ్డమని ఆ చెట్లు కొట్టేశారు. ఎండకు ఆ ట్రాక్ టైల్స్ మీద మా కోడి గుడ్డు పెడితే, అది లేచేలోపే గుడ్డు అట్టయింది.

"గొడుగు పట్టుకోని నేనొస్తా, పద అక్కా" అన్నాను.

"గొడుగెందుకురా, ఆ చెట్లను పట్టుకోని రా పో" అంది.

ఊరుకోలేక ట్రాక్ పక్కన కానుగ మొక్కలు నాటాను. రెండు వానలకే కొమ్మలు కలుసుకున్నాయి. అక్క ఆ నీడలో మళ్ళీ నడుస్తోంది.

మీరు కోడిగుడ్డును అనుమానించి ఉంటారు. నేను అల్లింది ఈ నీడను. మొక్కలు ఇంకా మోకాలెత్తు కూడా లేవు, ఆకుల నిండా పోర్టు లారీల బొగ్గు ధూళి. అక్క కూడికకు ఆటోలో పోతోంది. మాత్రలు చాలడం లేదని మొన్న డాక్టరు ఇన్సులిన్ రాశాడు.