అత్తమ్మ కుర్చీ కోసం జీపుకు క్యారియర్ కట్టించాం

మా అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయి ఐదు నెలలైంది. ఇప్పుడు మెల్లగా నడుస్తున్నది కానీ కాలు ఎక్కువసేపు మడవలేదు, కింద అసలే కూర్చోలేదు. ఆమె చెల్లెలు, అంటే మా చిన్నత్తమ్మ, నాగర్‌కర్నూల్ దాటాక ఒక చిన్న పల్లెలో ఉంటుంది. ఆమెకు చూపు తగ్గిపోతున్నది. "అక్క ముఖం కనపడుతుండంగనే ఒక్కసారి తీస్కరా బిడ్డా" అని ఫోన్ చేసింది. ఆ ఊరికి చివరి నాలుగు కిలోమీటర్లు రాళ్ల బాట. ఆటోవాళ్లు రారు, మామూలు కారుకు అడుగు నేలకు తగులుతుంది. మా పాత ఫోర్ వీల్ జీపు పోగలదు. వెనక సీటు మొత్తం అత్తమ్మ కాలు చాపుకోవడానికే సరిపోతుంది. మరి సామాను? దానికంటే ముఖ్యం, ఆమె కమోడ్ కుర్చీ? చిన్నత్తమ్మ ఇంట్లో ఉన్నది కింద కూర్చునే మరుగుదొడ్డి. అత్తమ్మ రెండు షరతులు పెట్టింది. కుర్చీ లేకుండా రాదు. కుర్చీ నలుగురికీ కనపడేటట్టు పెడితే అసలే రాదు.

కాబట్టి టాప్ మీద క్యారియర్ తప్పలేదు. తయారుగా దొరికేవి మా జీపుకు సరిపోవు, ధర కూడా ఎక్కువ. గద్వాలలో మా ఇంటికి దగ్గరలోనే వెల్డింగ్ షాపు పెట్టుకున్న ఖాజా భాయ్ దగ్గరికి కొలతలు రాసుకుని వెళ్లాను. పొడవు ఐదడుగులు, వెడల్పు నాలుగు, చుట్టూ ఐదంగుళాల కంచె.

"అక్కా, నేను కిటికీలు, గేట్లు చేసేటోణ్ణి. జీపు మీదికి ఎన్నడు చెయ్యలె. మందం ఇనుప యాంగిల్ వేస్త, ఏనుగు ఎక్కినా వంగదు" అన్నాడు.

"ఏనుగు ఎక్కది భాయ్, కుర్చీ ఎక్కుతది. టాప్ అరవై కిలోలు మించి మొయ్యదని మెకానిక్ చెప్పిండు. నీ యాంగిలే యాభై దాటితే సామాను ఎక్కడ పెట్టాలె?"

"గట్ల తూకం కూడ చూస్తవా? అయితే పైపు తీస్కుందాం. జర ముందల పువ్వు డిజైన్ పెడ్తనా?"

"పువ్వు వద్దు."

"పువ్వు లేకుంటే గేటు ఎవ్వరు తీస్కపోరు అక్కా!"

"ఇది గేటు కాదు భాయ్."

అంగుళం చదరపు పైపుతో రెండు రోజుల్లో చేసి ఇచ్చాడు. ఇనుముకు పందొమ్మిది వందల ఇరవై, కూలి పదిహేను వందలు, క్లాంపులకు బోల్టులకు నాలుగు వందల ఇరవై, రంగుకు మూడు వందల అరవై. మొత్తం నాలుగు వేల రెండు వందలు. క్లాంపులు టాప్ అంచున వాన నీరు పోయే మడతను పట్టుకుంటాయి, అందుకే ఎక్కడా రంధ్రం వేయలేదు. రంగు గీసుకుపోకుండా పాత ట్యూబు ముక్కలు కోసి మధ్యలో పెట్టాం. బిగించే ముందు పల్లీల వ్యాపారి కాటా మీద తూకం వేయించాను. ఇరవై ఆరు కిలోలు. అంటే సామానుకు ముప్పై నాలుగు మిగిలింది. "సంచికి తరుగు తీసినట్టు దీనికీ ఒక కిలో తీయాల్నా అమ్మా?" అని కాటా ఆయన నవ్వాడు.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. కడిగి ఎండబెట్టిన కుర్చీని టాప్ మీద నిలబెట్టి కట్టాం. పడుకోబెడితే రెండు సంచులకు చోటు చాలలేదు. దాని మీద నీలం టార్పాలిన్. ఎర్రవల్లి చౌరస్తాలో హైవే ఎక్కి, ఏడు దాటాక బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీదికి వచ్చేసరికి పైన టపటపమని చప్పుడు. వంతెన దాటి పక్కకు ఆపి చూస్తే టార్పాలిన్ మూల చిరిగి జెండాలా ఎగురుతున్నది.

"కనపడుతున్నదా?" అత్తమ్మ లోపలి నుంచే అడిగింది.

"ఒక కాలు కనపడుతున్నదే అమ్మా" అన్నాడు మా ఆయన.

"అయితే బండి తిప్పు."

"ఎవరు చూస్తరే?"

"వనపర్తిల మనల్ని ఎరిగినోళ్లు లేరా? వీళ్ల అమ్మ దొడ్డికి కూసునే కుర్చీ నెత్తిన పెట్టుకొని ఊరూరు తిరుగుతున్నది అంటరు. తిప్పు అంటున్న గదా!"

ఆయన నిజంగానే స్టీరింగ్ మీద చెయ్యి వేశాడు. అక్కడి నుంచి వెనక్కి పోతే ఈ ప్రయాణం మళ్లీ జరగదని నాకు తెలుసు. సంచిలో నుంచి అత్తమ్మదే నేత చీర తీశాను, పసుపు రంగుది, ఎర్ర అంచు. కుర్చీకి రెండు చుట్లు చుట్టి, కొసలు దోపి, పైన తాడు కట్టాను. బోల్టు తల కూడా కనపడలేదు. అత్తమ్మ కిటికీలో నుంచి మెడ చాచి చూసి, "ఊ, పోనియ్యి" అన్నది.

వనపర్తిలో ఎనిమిదింబావుకు జీపులోనే ఇడ్లీలు తిన్నాం, ముగ్గురికీ నూట ఇరవై. అక్కడ ఇద్దరు బండ్ల మీద పోతూ మా వైపు చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. మా ఆయనకు తెలిసినవాళ్లేమో అనుకున్నాను. ఆయన నాకు తెలిసినవాళ్లు అనుకున్నాడు.

నాగర్‌కర్నూల్ దారిలో ఒక చోట బోల్టులు మళ్లీ బిగించడానికి ఆగాం. పత్తి ఏరడానికి పోతున్న ఆడవాళ్లు ఆటో దిగి మా పక్క నుంచి వస్తున్నారు. వాళ్లలో పెద్దావిడ ఆగి, చెప్పులు విడిచి, టాప్ వైపు చేతులు జోడించింది.

"ఏ ఊరి దేవుడు బిడ్డా? గుడి కొత్తగ కడుతున్నరా?"

చీర కట్టిన ఆ ఆకారాన్ని నేను అప్పుడే కింద నుంచి సరిగ్గా చూశాను. వెడల్పాటి ఒడి, నిటారైన వీపు. ఎవరికైనా గుడికి పోయే దేవుడి విగ్రహమే కూర్చున్నట్టుంది. ఆవిడ జడలోని చామంతి తీసి, కాలి వేళ్ల మీద లేచి, పైన పెట్టబోయింది. ఏదో ఒక ఊరి పేరు చెప్పేద్దామా అనుకుంటుండగా జీపులో నుంచి కేక.

"ఓ అవ్వా! ఆగు, ఆగు! పువ్వు పెట్టకు. ఆ పాపం నాకు తగుల్తది. అది దేవుడు కాదు, నా కుర్చీ!"

"కుర్చీకి చీర ఎందుకమ్మా?"

అత్తమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. తరువాత ఆవిడకే చెప్పింది. "దొడ్డికి కూసునే కుర్చీ. మోకాలు కోసిన్రు, కింద కూసుండనీకి రాదు. సిగ్గయి కప్పించిన."

పెద్దావిడ చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. ముందు నవ్వింది ఆవిడే. వెనక ఉన్నవాళ్లు అందుకున్నారు. వాళ్లలో ఒకామె మాత్రం నవ్వు ఆపుకుని దగ్గరికి వచ్చింది. "ఎంతకొచ్చిందమ్మా? మా అత్త రోజు పొద్దుగాల మోకాళ్లు పట్టుకొని ఏడుస్తది. గిట్లాంటిది ఉంటదని మాకు తెల్వదు."

"పద్దెనిమిది వందలు. కాళ్లకు రబ్బరు ఉన్నదో లేదో చూసి తీస్కో, లేకుంటే జారుతది. సుజాతా, చీర ఇప్పు. చూడనియ్యి."

నేను ముడులు విప్పాను. ఆమె కుర్చీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నది. పెద్దావిడ ఆ చామంతిని కిటికీలో నుంచి అత్తమ్మ చేతిలో పెట్టి, "ఇగ నువ్వే పెట్టుకో" అన్నది.

అక్కడి నుంచి చీర సంచిలోనే ఉన్నది. నాగర్‌కర్నూల్ ఊరి మధ్య నుంచి కుర్చీ బాహాటంగానే వెళ్లింది. రాళ్ల బాట నాలుగు కిలోమీటర్లకు ముప్పావుగంట పట్టింది, క్యారియర్ కదల్లేదు. పదకొండున్నరకు చిన్నత్తమ్మ గుమ్మంలోకి వచ్చి, జానెడు దూరంలో నిలబడి అక్క ముఖం చూసింది. "చిక్కినవ్" అన్నది. "నువ్వు గుడ్డిదానివైనవ్, నీకేం కనపడుతది" అన్నది అత్తమ్మ. ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టాక మేం సామాను దించుకున్నాం.

క్యారియర్ కోసం నేను అన్నీ కొలిచాను. పొడవు, వెడల్పు, తూకం, బోల్టు మందం. ఆ కుర్చీ అవసరమైన మనిషి ప్రతి ఇంట్లోనూ ఉండవచ్చని మాత్రం తట్టలేదు. అత్తమ్మకు ఆ సిగ్గును దాచడానికి సాయం చేయడమే మంచి కోడలి పని అనుకున్నాను. ఆ సిగ్గే వద్దనుకునే దారి ఆమెకు నేను చూపలేదు. రోడ్డు మీద ఒక మనిషి చేతులు జోడిస్తే, ఆ దండం తన కుర్చీకి చెందదని ఆమే నోరు తెరిచి చెప్పింది. మూడు రోజుల తరువాత తిరిగి వస్తుంటే వనపర్తిలో టీ తాగేటప్పుడు ఒకరు కుర్చీ గురించి అడిగారు. అత్తమ్మ రబ్బరు సంగతి మళ్లీ మొదలుపెట్టింది, టీ చల్లారిపోయింది.

ఇట్లాంటి సామాను కట్టేవాళ్లకు ఒక్క మాట. కుర్చీని నిలబెట్టకండి, పడుకోబెట్టి నాలుగు కాళ్లనూ క్యారియర్ పైపులకు కట్టండి, పైన ఏమీ కప్పకండి, చోటు చాలని సంచులను మాలాగా ఒళ్లో పెట్టుకోండి. కప్పినప్పుడే గాలి పట్టి లాగుతుంది. వచ్చేటప్పుడు బీచుపల్లి వంతెన మీద మాకు చప్పుడే లేదు.