మా పెద్దమ్మ పసుపు

పెద్దమ్మ పోయిందని గోపాల్‌పేట నుంచి పొద్దుగాల ఫోనొచ్చింది. ఏడుపు రాలేదు. గద్వాలల బస్సెక్కినంక గూడ రాలేదు. ఆమె గురించి చెప్పాలంటే మంచే చానా ఉన్నది. మిగిలింది దాస్తే మాత్రం అబద్ధమైతది.

మా అమ్మ నా చిన్నతనంలనే పోతే నన్ను సాకింది ఈ పెద్దమ్మనే. పసుపు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబోసి, గిర్నీ పట్టించి అమ్మేది. ఆ చేతులతోనే నాకు జడలేసేది. నా రిబ్బన్లు ఏ రంగువైనా పచ్చగనే అయ్యేటివి. "పసుపు ఒంటికి మేలే చేస్తది గని కీడు చెయ్యదు బిడ్డా" అనేది. చుట్టుపక్కల ఊర్లల్ల ఏ పెండ్లికైనా ఆమె పసుపే. అంత మెరుపు ఇంకెవరి దగ్గరా లేకుండె.

నా పెండ్లయినంక గూడ మా ఇంటికి ఆమే పంపేది. నా బిడ్డకు నాలుగేండ్లప్పుడు కడుపునొప్పి పట్టుకున్నది. తిండి పోదు, రక్తం పట్టదు. హైదరాబాద్ దవాఖానల చూసి ఒంట్ల సీసం చేరిందన్నరు. ఇంట్ల తినేటివన్నీ పరీక్ష చేపిస్తే పసుపుల దొరికింది. తలుపులకు, ఎడ్లబండ్లకు పూసే పచ్చరంగుల కలిపే సీసం పొడి.

పెద్దమ్మను ఎవరో మోసం చేసిన్రనుకొని ఉరికిన. ఆమె ఇంట్ల లేదు. చాయ పెట్టుకుందామని వంటింట్లకు పోయి డబ్బాలు తీస్తుంటే ఆమె వాడుకునే పసుపు కనపడ్డది. మబ్బుగ, మట్టిరంగుల ఉన్నది.

వచ్చినంక ఆ డబ్బా ముందల పెట్టిన.

"నువ్వు తినేది గిది. మాకు పంపింది ఏంది పెద్దమ్మా?"

"అందరు కలుపుతరు బిడ్డా. మెరుపు లేకుంటే ఎవరు కొంటరు?"

"మేం కొన్నమా?"

"గింత పనైతదని నాకు తెల్వదు."

"తెల్వకుంటే నీకు వేరే ఎందుకు పెట్టుకున్నవ్?"

ఆమె కొంగుతోని చేతులు తుడుచుకుంట నిలబడ్డది.

తర్వాత కలుపుడు బందు పెట్టింది. గిరాకీ పోయింది. ఒకటి రెండు సార్లు మా ఇంటికొచ్చింది. మంచినీళ్లిచ్చిన, కూచొమ్మనలేదు. బిడ్డ తేరుకున్నది గని, చదువుల ఇప్పటికీ ఎనకనే ఉంటది. పరాయోళ్లు చేసుంటే తిట్టి మర్చిపోయేదాన్ని. నాకు నడక నేర్పిన మనిషిని ఏమని తిట్టాలె?

మట్టి చేసి అందరు ఎల్లిపోయినంక పెరట్లకు పోయిన. ఆమె ఉడకబెట్టి ఎండబోసిన కొమ్ములు ఇంక అట్లనే ఉన్నయి. సన్నగ చినుకులు మొదలైనయి. ఎత్తేటోళ్లు లేరు. నేనే కొంగు పట్టి ఎత్తుడు మొదలుపెట్టిన. వాన పెద్దగైంది. ఒడి నిండింది. ఎక్కడ పొయ్యాలో తెల్వక అట్లనే తడుసుకుంట నిలబడ్డ.