ఎడమ చేతికి జెల్, కుడి చేతికి యాక్రిలిక్

2012 ఎండాకాలం. హైదరాబాద్‌లో వారం రోజులు గోళ్ల పని నేర్చుకుని క్రిస్టినా గోదావరిఖనికి తిరిగొచ్చింది. సంచిలో చిన్న యూవీ దీపం, జెల్ సీసాలు, యాక్రిలిక్ పొడి, దాన్ని కలిపే ఘాటు ద్రవం, అంటించే ప్లాస్టిక్ గోళ్ల డబ్బా. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన తండ్రి యేసుదానం ఆ దీపంలో వేలు పెట్టి చూసి, "గోళ్లకు గూడ లైటేందే బిడ్డా!" అని నవ్వాడు.

ఆరేళ్లుగా పార్లర్ నడుపుతున్న క్రిస్టినాకు కాలు నిలవలేదు. తెల్లారగానే తలుపు మీద కాగితం అంటించింది: 'ఇక్కడ గోళ్లు పెడతాము.'

ముందుగా వచ్చింది అనసూర్య. గని ల్యాంప్ రూంలో పని ఆమెది. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ లైట్లు అందిస్తుంది. కుడి చెయ్యి చున్నీ కింద దాచుకుని కూర్చుంది.

"అక్కా, నవ్వొద్దు మరి," అంటూ చెయ్యి చాపింది. ఉంగరం వేలికి గోరు సగమే ఉంది. చిన్నప్పుడు ఇనుప తలుపు సందులో నలిగిందట, మళ్లీ అంతవరకే పెరిగిందట. "ఆదివారం నిశ్చితార్థం. ఉంగరం తొడిగేటప్పుడు అందరు గీ వేలే చూస్తరు. ఫోటోలు గూడ తీస్తరు."

"ఫికర్ చెయ్యకు చెల్లె. మూడు తీర్లున్నయి," అంది క్రిస్టినా, అన్నీ బల్ల మీద పరుస్తూ. "అంటించేటియి పది నిమిషాల్ల అయితయి, గానీ నీళ్లల్ల నానితే ఊడొస్తయి. యాక్రిలిక్ రాయి లెక్క గట్టిగుంటది, వాసనే ఘాటు. జెల్ తేలిక, అద్దం లెక్క మెరుస్తది, దీపం కింద పెడితెనే గట్టిపడతది."

"అంటించేటియి వద్దక్కా. తినేటప్పుడు ఊడి పప్పుల పడితే మా అత్త ఏమనుకుంటది!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. గట్టిదా, మెరిసేదా అని అనసూర్య అరగంట ఊగిసలాడి, చివరికి జెల్ అంది.

ఆదివారం ఏడింటికే వచ్చింది. పదకొండుకు ముహూర్తం. ఎడమ చేతి ఐదు గోళ్లూ పూర్తయి తళతళలాడుతుంటే దీపం ఆరిపోయింది. పవర్‌హౌస్ పొగగొట్టాలు కిటికీలోంచి కనిపించే ఊళ్లో కరెంటు పోయింది! ముప్పావు గంట చూశారు. రాలేదు. అనసూర్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

క్రిస్టినా ఒక్కసారిగా లేచింది. "యాక్రిలిక్‌కు కరెంటు అక్కర్లేదు గదనే!"

కిటికీలన్నీ తెరిచింది. యాక్రిలిక్ ఆమె రబ్బరు వేళ్ల మీదే నేర్చుకుంది, నిజం వేలి మీద ఇదే మొదలు. సగం గోరు కింద కాగితపు అచ్చు దోపి, తడి కుంచెతో పొడిని ముద్దగా ఎత్తి, మెల్లగా నొక్కింది. కాసేపటికి కుంచె కాడతో తట్టింది. టక్కుమంది.

"గట్టివడ్డదా?" అనసూర్య ముందుకు వంగి అడిగింది.

"గట్టివడ్డది!"

మిగతా నాలుగూ చకచకా అయ్యాయి. తేడా తెలియకుండా పదింటికీ ఒకే మెరూన్ రంగు వేసింది.

ఉంగరం తొడిగాక అత్త ఆ చెయ్యి పట్టుకుని, "ఎంత సక్కగున్నయే నీ వేళ్లు," అందట.

రెండు వారాల డ్యూటీ తర్వాత అనసూర్య రెండు చేతులూ ముందుకు చాపుకునే పార్లర్‌లోకి వచ్చింది. "అక్కా, కుడి చేతియి ఒక్కటి పగుల్లేదు. గానీ ఏందో తొడుక్కున్నట్టే ఉంటది. ఎడమ చేతియి ఉన్నట్టే తెల్వది, గానీ చిటికెన వేలుది అంచు లేసింది సూడు."

"మరి పెండ్లికి ఏది పెట్టాలె?"

"తొమ్మిదింటికి జెల్. ఉంగరం వేలుకు మాత్రం యాక్రిలిక్. నన్ను ఆదుకున్నది అదేనాయె!"

ఆమె వెనకే ల్యాంప్ రూంలో పనిచేసే మరో ఇద్దరు వచ్చారు. ఒకరు జెల్ అంటే ఇంకొకరు యాక్రిలిక్ అని వాదించుకుంటున్నారు. ఆ రోజు మూడు దాటినా క్రిస్టినాకు అన్నం సంగతే గుర్తు రాలేదు.