మొగిలయ్య గిర్ని బోర్డు

చివరి రోజు కూడా మొగిలయ్య చాక్‌పీసును నీళ్లలో నానబెట్టాడు. తడి చాక్‌పీసుతో రాస్తే ఆరిన తర్వాత అక్షరం తెల్లగా తేలుతుందనీ, పిండి దుమ్ముకు తొందరగా మాయదనీ అతని నమ్మకం. తన పిండిగిర్ని తలుపు పక్కన మేకుకు వేలాడే నల్లబోర్డును తుడిచి, పైన 'కరెంటు పది గంటలకు వస్తది' అని రాశాడు. కింద మరో రెండు వరుసలు రాశాడు. చేతులు కడుక్కున్నాడు. పది గంటలకు కరెంటు వచ్చింది గానీ మొగిలయ్య మోటారు దాకా పోలేదు. ఎవరిదో గోధుమల డబ్బా పక్కన కూలబడ్డాడు. రిక్షా దవాఖానకు చేరకముందే అంతా అయిపోయింది. అది 1986, శ్రావణమాసం.

ఆ రెండు వరుసల్లో ఏముందో రామలింగం చూడలేదు. అతను వచ్చేసరికి వరంగల్లు గిర్మాజీపేట వాడ సగం అక్కడే ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లు బోర్డుకు ఆనుకుని నిలబడి, భుజాలతో మొత్తం తుడిచేశారు. ఈ వాడకు చేతనైన సాహిత్య సేవ ఇంతేననుకున్నాడు రామలింగం, అంత ఏడుపులోనూ.

రామలింగం మొగిలయ్యకు బామ్మర్ది, మొగిలయ్య భార్య సుగుణకు తమ్ముడు. కాలేజీ ఆఫీసులో గుమాస్తా. వారపత్రికల్లో అతని కవితలు రెండు అచ్చయ్యాయి. అచ్చు కానివి ఎన్నో అతనికే తెలుసు. తిరుగు స్టాంపులు అంటించి పంపిన కవర్లు తన రాతే మోసుకుని తన ఇంటికే వచ్చేవి. సంపాదకులు చవటలని, పాఠకులు గొర్రెలని అతనికి గట్టి అభిప్రాయం. ఆ గొర్రెల్లో అందరికంటే ముందు నిలబడేది గిర్ని దగ్గర పిండి కోసం కాచుకునే జనం. వాళ్లకోసం పదకొండేళ్లు రోజూ రాసినవాడు తన బావ. ఏడో తరగతితో బడి మానేసినవాడు, కనుబొమ్మల మీద కూడా పిండి ఉండేవాడు.

బోర్డు మొదట కరెంటు కోసం పెట్టిందే. ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో, మిర్చి ఏ రోజు పడతారో రాసేవాడు. డెబ్భై అయిదులో ఒకనాడు దాని కింద ఇంకేదో రాశాడు. అప్పటినుంచి ఆపలేదు. రామలింగానికి గుర్తున్న మొదటిది ఇది:

'గిర్ని నడిచినంత సేపు మన వాడల అందరు మొత్తుకొని మాట్లాడుతరు. కరెంటు పోయినంక గూడ పావుగంట దాక అట్లనే మొత్తుకుంటరు. ఎవలింట్ల సంగతులు ఆ పావుగంటల్నే తెలుస్తయ్.'

"గిది గూడ ఓ రాతనేనా బావా?" అన్నాడు రామలింగం. "ఎవలు సదువుతరే దీన్ని?"

"లైన్ల నిలవడ్డోళ్లు. వాళ్లకు వేరే పని లేదు గద బామ్మర్ది."

"పని లేనోళ్ల కోసమా నువ్ రాసేది?"

"మరి పనున్నోళ్లు నీయి సదువుతాన్రా?"

లోపల జల్లెడ పడుతున్న సుగుణ ఫక్కున నవ్వింది. బావాబామ్మర్దుల మధ్య మాటకు మాట మామూలే, దానికి ఎవరూ నొచ్చుకోకూడదు. రామలింగం నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నట్టు కనిపించకుండా ఉండటానికి, పోయేటప్పుడు కాలేజీ నుంచి తెచ్చిన చాక్‌పీసుల డబ్బా బల్లమీద విసిరినట్టు పెట్టిపోయాడు. తర్వాత అన్నేళ్లూ చాక్‌పీసులు తెచ్చింది అతనే. మంచివి కాదు, విరిగిన ముక్కలే ఏరి తెచ్చేవాడు. ఈ రాతకు ఇవి చాలనుకునేవాడు.

అతనికి మింగుడుపడనిది ఒకటే. ఈ మనిషి ఎందుకు ఆపడు? అచ్చయ్యేది లేదు, పేరు లేదు. పొద్దున రాసింది మధ్యాహ్నానికి పిండి కింద కనపడకుండా పోతుంది. తనేమో ఒక్క కవర్ తిరిగొస్తే నెలరోజులు కలం ముట్టడు.

ఒకసారి అడిగితే మొగిలయ్య తలుపు చెక్క చూపించాడు. దానిమీద చాక్‌పీసు గీతలున్నాయి. గిర్నిలో మనుషులు లైన్లో నిలబడరు, వాళ్ల డబ్బాలు నిలబడతాయి. ముందరి డబ్బా జరిగితే తన డబ్బాను కాలితో ముందుకు నెట్టాలి. బోర్డు చదువుతూ నెట్టడం మరిచిపోతే వెనకవాడు దాటిపోతాడు, తగువు మొదలవుతుంది. అలా డబ్బా వంతు తప్పినప్పుడల్లా మొగిలయ్య ఒక గీత గీసేవాడు. రెండు పడిన రోజున టీలో ఇంకో చెంచా చక్కెర వేయమనేవాడు.

"గీత పడకపోతే?"

"తెల్లారి ఇంకింత పొట్టిగ రాస్త."

"పొట్టిగనా?"

"నిలవడి సదివేటోనికి కాళ్లు గుంజుతయ్ కద."

రామలింగం ఈ మాటను సాహితీ సంఘం మీటింగులో చెప్పి అందరినీ నవ్వించాడు. కాళ్ల నొప్పులకు మందు రాసే రచయిత మా బావ అన్నాడు. ఆ సంఘంలో ఎనిమిది మంది ఉండేవాళ్లు. ఒకరు చదువుతుంటే మిగతా ఏడుగురు తమ కాగితాలు సర్దుకునేవాళ్లు.

ఎనభై రెండులో వరసగా మూడు కవర్లు తిరిగొచ్చిన వారం, రామలింగం గిర్నికొచ్చి బోర్డు కింద నిలబడి చాలాసేపు నోరు పారేసుకున్నాడు. ఇది రాత కాదు, చెవులు కొరుక్కోవడం అన్నాడు. నిజమైన కవిత్వం వీళ్ల ముందు పెడితే తెలుస్తుంది అన్నాడు. మొగిలయ్య మోటారు బెల్టు సర్దుతూ విన్నాడు.

"అయితే వారం దినాలు బోర్డు నీది. నువ్వే రాయి."

"రాస్త. గీతలు నువ్ గియ్యాలె. దొంగగీతలు వద్దు."

"లైన్ల డబ్బా వంతు తప్పితెనే గీత. నా లెక్క నాకు ఒక్కటే."

ఈ వారంతో తేలిపోతుందని రామలింగం ఇంటికి పోతూ నిశ్చయించుకున్నాడు. ఒక్క డబ్బా ఆగినా రాస్తూనే ఉంటాడు. ఆగకపోతే ఇక రాయడు.

సోమవారం చీకటి గర్భాన్ని చీల్చుకొచ్చే ఎర్రపొద్దు మీద పద్నాలుగు వరుసలు రాసి ఆఫీసుకు పోయాడు. సాయంత్రం వచ్చి చూస్తే తలుపు చెక్క ఖాళీ. "కరెంటు టైము రాయలేదేంది సారూ?" అని మాత్రం ఒకామె అడిగింది. కవిత్వానికే జాగా చాలలేదు. మంగళవారం నిప్పులవాన కురిపించాడు. బుధవారం సముద్రం హోరెత్తింది. వరంగల్లుకు సముద్రం ఎంత దూరమో లైన్లో ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే ఎవరూ చదవలేదు. డబ్బాలు బుద్ధిగా ముందుకు జరిగాయి. ఆ మూడు రోజులూ గిర్ని ముందు ఒక్క తగువు లేదు.

గురువారం పొద్దున అతని దగ్గర సరుకు అయిపోయింది. ఆఫీసుకు ఆలస్యమవుతోంది. బోర్డు ఖాళీగా వదిలితే ఓడినట్టని, చేతికొచ్చింది గీకేసి సైకిలెక్కాడు. తను రాసినవాటిల్లో అంత నీచమైంది ఇంకోటి లేదని దారి పొడుగునా సిగ్గుపడ్డాడు.

'నాకు నాలుగేండ్లప్పుడు జరమొస్తే అక్క ఎత్తుకొని దవాఖానకు నడిచింది. తొవ్వల చెప్పు తెగింది. ఒక్క చెప్పుతో నడిస్తే నేను ఊగుతనని రెండోది గూడ పారేసింది.'

సాయంత్రం వచ్చేసరికి గిర్ని బంద్. మొగిలయ్య అరుగు మీద కూర్చున్నాడు. లోపల ఒకతను ఉలి పట్టుకుని రాళ్లకు గంట్లు కొడుతున్నాడు. గంట్లు అరిగిన రాయి గింజను నలపదు, రుద్దుతుంది. అలా మొద్దుబారినప్పుడు గంట్లు కొట్టించడం అయిదారు నెలలకొకసారి తప్పని పని.

"ఇయాల్నే కొట్టియ్యాల్నా?" అన్నాడు రామలింగం.

"మొద్దువారినయ్ బామ్మర్ది. రేపు గూడ నడవది."

"రేపు గూడనా! వారం నాదంటివి కద? ఎవడన్న సదువుతడేమోనని బుగులు వట్టిందా నీకు?"

మొగిలయ్య నవ్వబోయి ఊరుకున్నాడు. ఏదో చెప్పాలనుకున్నట్టు నోరు తెరిచి, రాళ్లవైపు చూసి మూసుకున్నాడు. ఆ మూసుకున్న నోటిని రామలింగం నేరం ఒప్పుకోవడంగా తీసుకున్నాడు. కుళ్లు అనుకున్నాడు. ఏడో తరగతి కుళ్లు. తన మూడు వరుసలు తనే అరచేత్తో తుడిచేసి, చేతిని ప్యాంటుకు రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అతను రాయలేదు. సంఘానికి పోయేవాడు, ఇతరులు రాసింది విని పెదవి విరిచేవాడు. అది రాయడం కంటే సుఖంగా ఉండేది, పేరు కూడా వచ్చింది. మొగిలయ్య మాత్రం శనివారం నుంచే మళ్లీ మొదలుపెట్టాడు. చాక్‌పీసులు అందుకున్నప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"ఏమన్న రాస్తానవా?"

"ఈ జనానికా?" అనేవాడు రామలింగం.

నాలుగేళ్లు అదే ప్రశ్న, అదే జవాబు.

మొగిలయ్య పోయాక సంఘం సంతాప సభ పెట్టింది. గిర్ని గడప తొక్కనివాడొకడు లేచి, అచ్చమైన పల్లె గుండె ఆగిపోయిందని గొంతు వణికించాడు. గిర్మాజీపేట ఎప్పుడు పల్లె అయిందో రామలింగం అడగలేదు. మాట్లాడమంటే తల అడ్డంగా ఊపాడు.

గిర్ని సుగుణ నడిపింది. బోర్డు మీద కరెంటు టైము మాత్రం రాసేది. మరుసటేడు ఎండాకాలంలో ఒక ఆదివారం రామలింగం పోయేసరికి రాళ్లకు గంట్లు కొడుతున్నారు. అరుగు మీద చిలుకమ్మ తన జొన్నల డబ్బా పక్కన పెట్టుకుని కూర్చుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి తొడిమలు తీసే ముసలామె. మొగిలయ్య గిర్ని పెట్టిన నాటినుంచీ జొన్నలు ఇక్కడే పట్టించేది.

"మీ బావ ఒక్కపారి ఈ రాళ్లను కాలవెట్టిండు సారూ," అంది ఉలి చప్పుడు వింటూ.

"మా బావనా?"

"అవ్. నా జొన్నలు ఒడిసినయ్. రాళ్లు ఉత్తగ తిరుగుతానయ్, కాలిన వాసనొస్తాంది. మొగిలయ్యా, మొగిలయ్యా అని పిలిస్తి. ఇనవడలె. బయటికొచ్చి సూస్తె బోర్డు ముందట నిలవడ్డడు. చెయ్యి వట్టి గుంజితె గని సోయికి రాలె. నెల కిందనే కొట్టిచ్చిన రాళ్లు బిడ్డా, నున్నగ అయిపాయె."

"ఎన్నడూ చెప్పలేదు మాకు."

"ఎట్ల చెప్తడు? గిర్నోడు రాళ్లు ఉత్తగ తిప్పిండంటే పరువు వోతది, ఎవలకు చెప్పకవ్వా అన్నడు. నేను గూడ చెప్పలె. ఇప్పుడు చెప్తె ఏమాయె, మనిషే లేడాయె." డబ్బా మూత తీసి జొన్నల్లో ఒక రాయి ఏరి పారేసింది. "ఏముండెనో దాని మీద. నాకు సదువు రాదాయె."

"ఏ రోజు అవ్వా అది?"

"గదే. పొద్దుగూకినంక రాళ్లకు గంట్లు కొడుతాంటె నువ్వొచ్చి ఆయనతోని లడాయి వెట్టుకున్నవ్ సూడు, గా బేస్తారం."